స్టేషన్ బోర్డు మీద లేని ఊరు

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో తెల్లవారి బండి దిగే జనం రెండు రకాలు. ఒక రకం వాళ్లు సంచి భుజాన వేసుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా, మసక వెలుతుర్లోనే గేటు దాటిపోతారు. వాళ్లు ఊరివాళ్లు. రెండో రకం వాళ్లు ప్లాట్‌ఫారం మీదే ఆగి, సామాన్లు లెక్కపెట్టుకుని, పిల్లల్ని ఒకచోట నిలబెట్టి, ఎదురైన మొదటి మనిషిని అడుగుతారు: "రాములవారి గుడి ఎటండీ?" ఈ ప్రశ్నకు నేను ఎన్నిసార్లు జవాబు చెప్పి ఉంటానో లెక్క లేదు. గుడి ఇక్కడ లేదండీ, నలభై కిలోమీటర్లు పోవాలి, పాల్వంచ మీదుగా బస్సుంది, చివర గోదావరి వంతెన దాటాలి అని చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. "మరి ఇదేం ఊరు?" అంటారు. కొత్తగూడెం అని చెబితే తలెత్తి బోర్డు కేసి చూస్తారు. బోర్డు మీద కొత్తగూడెం లేదు.

రైల్వే భాషలో 'రోడ్' అనే మాటకు ఒక అర్థముంది. ఫలానా ఊరికి బండి పోదు, ఆ ఊరికి దారి ఇక్కడ మొదలవుతుంది అని చెప్పడానికి స్టేషన్ పేరు చివర ఆ మాట తగిలిస్తారు. అంటే ఆ స్టేషన్ ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి సంగతి పేరు పెట్టినవాళ్లకు పట్టలేదన్న మాట. ఇక్కడికి దగ్గర్లోనే ఇల్లందు ఉంది. అక్కడి స్టేషన్ పేరు ఇంకా చిత్రమైనది. దాని పేరు ఇల్లందు కాదు, 'సింగరేణి కాలరీస్'. అది గని కంపెనీ పేరు. ఒకే శాఖా లైను రెండు కొసల్లో రెండు పట్టణాలు. ఒకదానికి కంపెనీ పేరు పెట్టారు, మరొకదానికి దేవుడి ఊరి పేరు పెట్టారు. ఆ రెండూళ్లలో పుట్టి, చెమటోడ్చి, ఆ స్టేషన్లలోనే టికెట్టు కొనుక్కున్న జనానికి మాత్రం తమ ఊరి పేరు బోర్డు మీద చూసుకునే భాగ్యం కలగలేదు.

ఇది పేరు గొడవ మాత్రమే అయితే ఇన్ని పేజీలు ఖర్చు చేయనవసరం లేదు. ఏ స్టేషన్ ఎవరికోసం పుట్టిందన్నది దాని పేరులోనే ఎంతో కొంత బయటపడుతుంది. అక్కణ్ణించి వెనక్కి వెళ్తే ఈ లైను మీద ప్రయాణికుడి స్థానం ఏమిటో, ఇప్పటికీ ఎందుకు అంతే ఉందో తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

*

నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం వాడి నుంచి హైదరాబాద్ దాకా 1874లో నడకలోకి వచ్చింది. బొంబాయి నుంచి మద్రాసు పోయే ప్రధాన మార్గం మీద ఉంది వాడి. అక్కణ్ణించి హైదరాబాద్‌కు ఒక కొమ్మ కావాలని పట్టుబట్టింది బ్రిటిష్ వాళ్లు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో వాళ్ల సైన్యం ఉంది కదా. కావాలన్నది వాళ్లు, డబ్బు పెట్టింది నిజాం ప్రభుత్వం, నడిపింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ. ఈ మూడు ముక్కల్లోనే తరవాతి యాభై ఏళ్ల కథ ఉంది.

ఆ లైనును తూర్పున వరంగల్ మీదుగా బెజవాడకు, ఉత్తరాన చాందాకు పొడిగించాలన్న ప్రతిపాదన 1880ల మొదట్లో బలపడింది. దీనికోసం లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పేరులోని 'గ్యారంటీడ్' అన్న మాటను మనవాళ్లు చాలామంది చదివి వదిలేస్తారు. అసలు కీలకం అక్కడే ఉంది. కంపెనీ వాటాదారులు పెట్టిన పెట్టుబడి మీద ఏటా నూటికి అయిదు రూపాయల వడ్డీ ఇరవై ఏళ్లపాటు దక్కేటట్టు నిజాం ఖజానా హామీ పడింది. నూరు రూపాయల పెట్టుబడి మీద లైను మూడు రూపాయలు సంపాదిస్తే మిగతా రెండు రూపాయలు ఖజానా కట్టాలి. ఏమీ సంపాదించకపోతే అయిదూ కట్టాలి. బండ్లు నిండా పోయినా, ఖాళీగా పోయినా, అసలు పోకపోయినా లండన్‌లో కూర్చున్న వాటాదారు నిద్ర చెడదు. ఖజానాలో డబ్బు ఎక్కడిది? తెలంగాణ, మరాఠ్వాడా రైతు కట్టిన శిస్తు. ఆ రైతులో నూటికి తొంభైమంది అప్పటికి రైలు మొహం చూసి కూడా ఎరగరు.

దీనిమీద 1883లో హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు కొందరు గొంతెత్తారు. దీన్నే చాందా రైల్వే ఆందోళన అంటారు. వాళ్లు రైలు వద్దనలేదు. ఒప్పందం షరతులు బయటపెట్టండి, రాజ్యానికి పడే భారం ఎంతో ప్రజలకు చెప్పండి అన్నారు. అంతకు మించి అడగలేదు. దానికే సర్కారు భయపడింది. ఆందోళనలో ముందు నిలిచిన అఘోరనాథ్ చటోపాధ్యాయను నగరం నుంచి బహిష్కరించారు. ఈయన సరోజినీ నాయుడు తండ్రి, ఆనాటి హైదరాబాద్‌లో కొత్త చదువులకు పునాది వేసినవాడు. హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక రాజకీయ నిరసన ఎక్కడ మొదలైందని అడిగితే చరిత్రకారులు ఈ ఘట్టాన్ని చూపిస్తారు. పాలకుడి మతమో కులమో కాదు, ఒక రైల్వే ఒప్పందం లెక్కలు మొదటి నిరసనకు కారణమయ్యాయంటే అది గుర్తు పెట్టుకోదగ్గ సంగతి. ఇంకో ముచ్చట: ఏ చాందా పేరుతో ఇంత రభస జరిగిందో ఆ చాందా దిక్కు లైను, అంటే కాజీపేట-బల్లార్షా మార్గం, 1929కి గాని పూర్తి కాలేదు.

ఈ సందర్భంలో మార్క్స్ రాసిన రెండు సంగతులు చెప్పాలి. రైళ్ల గురించి ఆయన 1853లో న్యూయార్క్ పత్రికకు రాసిన వ్యాసం మనవాళ్లకు బాగా తెలుసు. రైలు వచ్చాక దాని వెంట ఆధునిక పరిశ్రమ రాక తప్పదనీ, అయితే బ్రిటిష్ కాడిని విసిరేసేదాకా దాని ఫలం భారత ప్రజలకు దక్కదనీ అందులో చెప్పాడు. మనం సభల్లో మొదటి సగం ఎక్కువగా వాడుకుంటాం. దానికి దాదాపు ముప్పై ఏళ్ల తరవాత, 1881లో, రష్యన్ మిత్రుడు డానియల్సన్‌కు రాసిన ఉత్తరం గురించి అంతగా చెప్పుకోం. భారతదేశం నుంచి ఇంగ్లండు ఏటా తోడుకుపోయే మొత్తాన్ని వివరిస్తూ, ఆ దేశ ప్రజలకు పనికిరాని రైల్వేల మీద కట్టే డివిడెండ్లను కూడా ఆ జాబితాలో చేర్చాడు ఆయన. సరిగ్గా రెండేళ్లకు హైదరాబాద్‌లో జరిగింది ఈ డివిడెండ్ల గొడవే. అఘోరనాథ్‌కు ఆ ఉత్తరం సంగతి తెలిసి ఉండే అవకాశం లేదు. తెలియకుండానే అదే లెక్క అడిగాడు.

*

ఇక బొగ్గు సంగతి. భద్రాచలం యాత్రకు పోయే బాటసారి ఒకడు దారిలో వంట చేసుకుందామని మూడు నల్లరాళ్లు పొయ్యిగా పేర్చాడనీ, కట్టెలతోపాటు ఆ రాళ్లూ అంటుకున్నాయనీ ఈ ప్రాంతంలో ఒక కథ ఉంది. నిజమెంతో గాని కథ అందమైనది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు ఉందని తేల్చాడు. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు ఆ బొగ్గుకు స్థిరపడింది. ఇప్పటికీ కారేపల్లి మండలాన్ని సింగరేణి మండలం అంటారు. కంపెనీ ఎంత పెద్దదైనా దాని పేరు ఒక చిన్న పల్లెది.

1886లో ఖనిజాల తవ్వకం హక్కులు 99 ఏళ్లకు ఇద్దరు ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తమయ్యాయి. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. దాని వాటాల్లో అత్యధిక భాగం పైసా కట్టకుండా ఆ హక్కులు పొందినవాళ్ల చేతిలోకే వెళ్లింది. ఈ బేరం కుదిర్చిన నిజాం ఏజెంటు అబ్దుల్ హక్, తన చేతిలోని వాటాలను మంచి ధరకు తిరిగి నిజాం ప్రభుత్వానికే అంటగట్టాడు. అమ్మేది తానేనన్న మాట దాచిపెట్టాడు. సంగతి బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ దాకా పోయింది. అబ్దుల్ హక్ ఉద్యోగం ఊడింది. కంపెనీ హక్కులకు మాత్రం ఢోకా రాలేదు. ఇవాళ కుంభకోణం అన్న మాట వినగానే ఈమధ్యే పుట్టిన రోగంలా మాట్లాడేవాళ్లు ఈ విచారణ రికార్డులు ఒకసారి తిరగేస్తే మంచిది.

అదే 1888లో డోర్నకల్ దాకా లైను వచ్చింది. డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు కొమ్మ వేశారు. మరుసటి ఏడు, 1889లో, ప్రధాన లైను బెజవాడ చేరింది. అదే ఏడు ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. తవ్వకం మొదలయ్యే నాటికే బండి సిద్ధంగా ఉంది. బొగ్గు బరువైన, చవకైన సరుకు. గుంతలో ఉన్నంతసేపు దానికి విలువ లేదు. ఎద్దుబండ్ల మీద వందల మైళ్లు మోస్తే కిరాయి సరుకు ధరను మించిపోతుంది. రైలు పక్కకు వచ్చి నిలబడ్డాకే అది సరుకు అవుతుంది. రైలుకూ బొగ్గు కావాలి, ఇంజన్ కడుపు నిండాలి కదా. కాబట్టి గని లేని రైలు లేదు, రైలు లేని గని లేదు. ఈ ఇద్దరి పెళ్లిలో ప్రయాణికుడు పిలవని పేరంటగాడు.

పిలవని పేరంటగాణ్ణి ఎలా చూస్తారో అలాగే చూశారు. ఇలాంటి శాఖా లైన్ల మీద గూడ్సు వ్యాగన్లకు రెండు మూడు పెట్టెలు తగిలించి 'మిక్స్‌డ్' అని నడపడం ఆనాటి రైల్వేలన్నిట్లో పద్ధతి. స్టేషన్ స్టేషన్‌కూ వ్యాగన్లు విప్పి, కట్టి, షంటింగ్ ముగిసేదాకా పెట్టెల్లో జనం కూర్చోవాలి. వేసింది ఒంటి లైను. ఎదురుగా బండి వస్తుంటే ఒకటి లూపులో నిలబడాలి. ఏది నిలబడాలో తేల్చే నియమాలు పుస్తకంలో ఒకటుంటాయి. ఆచరణలో వ్యాగన్ల కోసం ఎదురుచూసే గని మేనేజరు తొందరకు ఉన్న బరువు, పెళ్లికి పోయే మూడో తరగతి ప్రయాణికుడి తొందరకు ఉండదు. మూడో తరగతి దుస్థితి మీద గాంధీ 1917లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. 1974లో ఆ మూడో తరగతి పేరు తీసేసి రెండో తరగతి అన్నారు. పేరు మారింది. చెక్క బల్లల సంగతి అప్పటివాళ్లను అడగాలి.

మధ్యలో డోర్నకల్ గురించి ఒక్క మాట. బెజవాడ లైనూ బొగ్గు లైనూ కలవడం వల్ల ఆ పల్లె జంక్షన్ అయింది. 1912లో ఆంగ్లికన్ చర్చికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం అజరయ్య పీఠం కూడా డోర్నకల్‌లోనే వెలసింది. పల్లెల్లో అంటరానివాళ్లుగా బతికినవాళ్లు వేల సంఖ్యలో ఆ చర్చి నీడకు చేరారు. కూడలి అయిన ఊరికి బొగ్గుతోపాటు మనుషులూ, ఆలోచనలూ వచ్చి చేరతాయి. అది లైను వేసినవాళ్ల లెక్కలో లేని లాభం.

*

ఇల్లందు గనులు తరుగుతుండగా కంపెనీ చూపు తూర్పున కొత్తగూడెం అడవుల మీద పడింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో కొత్త సంస్థ రిజిస్టరయింది. ఆ దశాబ్దంలోనే కారేపల్లి దగ్గర నుంచి పట్టాలు మళ్లించి గాంధీపురం, తడికలపూడి, బేతంపూడి మీదుగా కొత్తగూడెం తీసుకొచ్చారు. కొత్తగూడెంలో తవ్వకం 1937లో మొదలైంది. లైను ముందొచ్చింది, బాయిలు తరవాతొచ్చాయి. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. నీళ్లు తోడే బాయికీ, మనిషిని తోడే బాయికీ ఒకే మాట.

పదేళ్లు బొగ్గు లేకుండా నడిచింది కాబట్టి ఈ లైను భక్తుల కోసమే వేశారని వాదించేవాళ్లున్నారు. స్టేషన్ పేరును సాక్ష్యంగా చూపిస్తారు. నాకు ఆ వాదన నిలుస్తుందనిపించదు. నిజంగా భక్తుల కోసమే అయితే గోదావరి ఒడ్డుదాకా వేసేవాళ్లు. అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. భద్రాచలం ఆనాడు నిజాం రాజ్యంలోనే లేదు. 1860లోనే ఆ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. తరవాత గోదావరి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. నది మీద వంతెన 1965లో వచ్చింది. అంటే నిజాం రైల్వే వాళ్లు తమ సరిహద్దుకు అవతల, వంతెన లేని నదికి ఆవలి గట్టున ఉన్న పరాయి ప్రభుత్వపు ఊరి పేరును తమ స్టేషన్‌కు పెట్టుకున్నారు. కాలి కింది ఊరిని మాత్రం పలకలేదు. యాత్రికుడు టికెట్టు కొనే మనిషి. అతనికి ఆశ చూపే పేరు కావాలి. కొత్తగూడెం అప్పటికి అడవిలో గూడెం. గూడెం పేరుకు టికెట్లు తెగవు. వ్యాపార బుద్ధితో ఆలోచిస్తే ఆ నిర్ణయంలో తప్పు లేదు. వ్యాపార బుద్ధి తప్ప మరొకటి అందులో లేకపోవడమే నేను చెబుతున్నది.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. పేరులోంచి 'గ్యారంటీడ్' అన్న మాట తొలగిపోయింది. 1932లో ఈ రైల్వే శాఖే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. రైలు పోని చోటికి బస్సు పోవాలన్న ఆలోచన మంచిదే. కానీ అప్పటినుంచి ఒక పని విభజన తెలియకుండానే స్థిరపడింది. పట్టాలు సరుకుకు, రోడ్డు మనిషికి.

*

ఇంతవరకు రాసింది చదివితే రైలు వల్ల ఈ ప్రాంత ప్రజలకు కీడే తప్ప మేలు లేదని నేను అంటున్నట్టు తోచవచ్చు. అలా అనలేను. అనడానికి మా ఇంట్లోనే అడ్డు ఉంది.

మా నాయిన నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి బాయిలో చేరాడు. దొర గడీలో వెట్టి చేసిన కుటుంబం. పదహారు పదిహేడేళ్ల వయసులో ఒక రాత్రి చెప్పాపెట్టకుండా బయల్దేరి, మానుకోట దాకా నడిచి, బండెక్కి డోర్నకల్‌లో దిగాడు. కొత్తగూడెం బండి కోసం రాత్రంతా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. భయం కాలేదా అని చిన్నప్పుడు అడిగాను. "భయమెందుకు బిడ్డా, బండిల దొర లేడు గద" అన్నాడు. ఆ మాట ఎన్ని రైల్వే చరిత్రలు చదివినా నాకు దొరకలేదు. పెట్టెలో ఎవడి పక్కన ఎవడు కూర్చోవాలో ఊరి పెద్ద చెప్పడు. టికెట్టు చించిన గుమస్తా కులం అడగడు. అడిగినా బండి కదిలాక చేసేదేమీ ఉండదు. నల్గొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి వేలాదిమంది ఇలాగే భూస్వామి కంట్లో దుమ్ముకొట్టి బొగ్గు లైను పట్టుకున్నారు. బొగ్గు తేవడానికి వేసిన లైను మనుషుల్ని తప్పించుకుపోనిచ్చింది. అయితే కథ అక్కడ సుఖాంతం కాలేదు. బాయి దగ్గర ఆఫీసర్ను కూడా దొర అనే పిలవాలని నాయినకు చేరిన మొదటి రోజే తెలిసింది.

మన రచయితలు బాయి లోపలికి దిగారు. టబ్బులు నెట్టేవాణ్ణి, కప్పు కూలి చచ్చినవాణ్ణి కథల్లోకి తెచ్చారు. అది గొప్ప పనే. కానీ మన సాహిత్యంలో స్టేషన్ ఇప్పటికీ వీడ్కోలు చెప్పుకునే చోటుగానే మిగిలింది. ప్రేమికులు విడిపోతారు, కొడుకు పట్నం పోతాడు, బండి కూత పెడుతుంది. గడీ నుంచి పారిపోయినవాడు కార్మికుడుగా మారేది మొదట ఆ ప్లాట్‌ఫారం మీదనే. ఊళ్లో అతను ఫలానా వాడి కొడుకు. స్టేషన్‌లో దిగాక గుంపులో ఒకడు. ఆ మార్పు మీద మనం రాసింది తక్కువ.

1945లో నిజాం ప్రభుత్వం సింగరేణి వాటాలు కూడా కొన్నది. రైలూ బొగ్గూ రెండూ సర్కారువయ్యాయి. అవే ఏళ్లలో రైల్వే కార్మికులూ, గని కార్మికులూ సంఘాలు కట్టుకుంటున్నారు. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవి రైల్వే కార్మికుల మధ్య పనిచేశాడు. 1951లో నిజాం రైల్వే మధ్య రైల్వేలో కలిసింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమానులు ఇన్నిసార్లు మారారు. లైను మీద ఎవరికి మొదటి పీట అన్నది మాత్రం మారలేదు.

పట్టాలకూ బాయికీ ఉన్న ముడి సమ్మె వచ్చినప్పుడు బాగా కనబడుతుంది. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికుల సమ్మె మొదలైంది. తీవ్రమైన నిర్బంధం మధ్య మే 27న విరమించారు. వ్యాగన్ రాకపోతే తవ్విన బొగ్గు గుట్టలై పడి ఉంటుంది. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. బొగ్గు రాకపోతే వ్యాగన్ ఖాళీగా నిలబడుతుంది. ఒకరు ఆగితే మరొకరి పని ఆగుతుంది. యాజమాన్యాలు ఈ సంగతి 1888లోనే గ్రహించి పెళ్లి చేసుకున్నాయి. కార్మిక సంఘాలు మాత్రం రైలు సంఘం రైలుదే, బాయి సంఘం బాయిదే అన్నట్టు చాలాకాలం నడిచాయి. ఇది విమర్శగా కంటే బాధగా చెబుతున్నాను.

*

ఈ లైను మీద జనం తమదనుకున్న బండి ఒకటే. అది సింగరేణి ప్యాసింజర్. కొత్తగూడెంలో బయల్దేరి డోర్నకల్, కాజీపేట, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి మీదుగా సిర్పూరు దిక్కు పోయేది. పటంలో చూస్తే అది చుట్టుదారి. సింగరేణి మనిషికి మాత్రం అదే తిన్నని దారి. బదిలీ అయినవాడు, అక్కను బెల్లంపల్లికి ఇచ్చినవాడు, మందమర్రిలో చిన్నాయన దినాలకు పోయేవాడు, గోదావరిఖనిలో సభకు కరపత్రాల కట్ట మోసుకుపోయేవాడు అందరూ దానిలోనే. ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగుతుందని విసుక్కునేవాళ్లు పైవాళ్లు. ఆగుతుంది కాబట్టే ఎక్కేవాళ్లు మావాళ్లు. బేతంపూడిలో కూరగాయల గంపతో ఎక్కిన పెద్దమ్మకు ఎక్స్‌ప్రెస్ వేగంతో ఏం పని?

ప్యాసింజర్ బండి అంటేనే నష్టం అని ఇప్పుడొక వాదన బలంగా ఉంది. కొన్నేళ్లుగా టికెట్టు మీదనే అచ్చు వేస్తూ వచ్చారు: ప్రయాణ ఖర్చులో సగటున నూటికి 57 వంతులు మాత్రమే మీనుంచి రాబడుతున్నామని. సరుకు రవాణాలో వచ్చిన మిగులుతో ప్రయాణికుణ్ణి పోషిస్తున్నామన్నది దాని సారాంశం. అంకెలు అబద్ధమని నేను అనను. కానీ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది లెక్క కట్టేవాడి ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆ సరుకులో అన్నిటికంటే పెద్ద పద్దు బొగ్గు. ఆ బొగ్గు తవ్వినవాడు సింగరేణి ప్యాసింజర్‌లో నిలబడి పోయే మనిషి. అతను తవ్విన బొగ్గు లాభం ఖాతాలో, అతని ప్రయాణం నష్టం ఖాతాలో. ఒకే మనిషిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క రెండో ముక్కను పోషిస్తోందని చెప్పి, టికెట్టు మీద అచ్చు వేసి అతని చేతికే ఇచ్చారు.

2020 మార్చిలో కరోనా పేరుతో దేశమంతా ప్రయాణికుల బండ్లు ఆగాయి. అది తప్పనిసరి. అయితే బొగ్గు బండ్లు ఆగలేదు. ఆగితే కరెంటు ఉండదు కాబట్టి ఆగకూడదు కూడా. తరవాత ప్యాసింజర్లు మెల్లగా తిరిగి వచ్చినప్పుడు చాలా చోట్ల ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అనే పేరుతో వచ్చాయి. అదే పెట్టె, అదే వేగం. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలో పాత ఛార్జీలు మళ్లీ పెట్టారు. ఈ మధ్యలో గడిచిన ఏళ్లలో రోజూ రెండు స్టేషన్ల దూరం పోయి కూలి చేసుకునేవాళ్లు షేర్ ఆటో ఎక్కడం అలవాటు చేసుకున్నారు. కొన్ని హాల్టులకు జనం తగ్గారు. జనం తగ్గారు కాబట్టి ఆపడం దండగ అనే మాట అక్కడ తయారుగా ఉంటుంది. ఇల్లందు ఉదాహరణ కళ్ల ముందుంది. కంపెనీ పేరు పెట్టుకున్న ఆ స్టేషన్‌కు ఒకప్పుడు ప్రయాణికుల బండి వచ్చేది. అది ఆగిపోయాక బొగ్గు కోసం పట్టాలు మిగిలాయి. మళ్లీ బండి వేయమని ఇల్లందు జనం ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇస్తూ వచ్చారు.

2016లో కొత్తగూడెం కేంద్రంగా జిల్లా ఏర్పడింది. దానికి భద్రాద్రి కొత్తగూడెం అని పేరు పెట్టారు. జిల్లా పేరులోనూ దేవుడి ఊరే ముందు. కనీసం రెండో మాటగా మా ఊరు చేరింది, సంతోషం.

2022లో భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి కొత్త లైను తెరిచారు. సుమారు 54 కిలోమీటర్లు. ఖర్చులో ఎక్కువ భాగం సింగరేణి పెట్టుకుంది. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గును అంతకుముందు లారీల్లో తెచ్చేవాళ్లు. ఆ దుమ్ము, ఆ రోడ్డు ప్రమాదాలు చూసినవాళ్లెవరూ ఈ లైను వద్దనరు. నేనూ అనను. లైను పూర్తయ్యాక నేను ఒకసారి చండ్రుగొండ పోయి చూశాను. స్టేషన్ కట్టారు. బోర్డు మీద చండ్రుగొండ అనే ఉంది. ఈసారి ఊరి పేరు ఊరికే పెట్టారు. మేకలు తోలుకుపోతున్న ఒక ముసలాయన నన్ను రైల్వే మనిషిననుకున్నట్టున్నాడు. దగ్గరికొచ్చి, "సారూ, కొత్తగూడానికి బండి ఎన్ని గంటలకు?" అని అడిగాడు. ఇది బొగ్గు బండ్ల లైను పెద్దయ్యా, మనుషుల బండి ఇంకా వేయలేదు అని చెప్పాను. అంతలో సత్తుపల్లి వైపు నుంచి రేకు వచ్చింది. ఇద్దరం పక్కకు జరిగి నిలబడ్డాం. ఆయన చేతికర్ర ఆనించుకుని వ్యాగన్లు ఒకటొకటి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.